చిట్టెం నేల

మా అమ్మాయి స్కూలు మైదానానికి తాళం వేసిందన్న కబురు మా బామ్మర్ది తెచ్చాడు. అతనిది తాళాల కొట్టు. కాబట్టి ఆ సంగతి నాకంటే ముందు అతనికి తెలియడంలో వింతేమీ లేదు.

"నీ కూతురు కొంప ముంచింది బావా," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "గేటుకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో ఈల పక్కన కట్టుకుని తిరుగుతోందట. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిపించి విప్పమంటోంది."

"విప్పావా?"

"ఎలా విప్పను? అది నేనమ్మిన తాళమే. దొంగలకి తాత దిగొచ్చినా విప్పలేడని చెప్పి మరీ అమ్మాను. ఇప్పుడు అందరి ముందూ చిటికెలో విప్పానంటే రేపు నా కొట్టుకి ఎవడొస్తాడు?"

"మరేం చెప్పావు?"

"నావల్ల కాదన్నాను. చేతకాదని ఒప్పుకోవడంలో ఇంత లాభం ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీలేదు," అని లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నవ్వాడు గాని ఆ నవ్వు వెంటనే వాడిపోయింది. ఆ తాళం పడింది తన మాట మీదేనని అతనికి తెలుసు.

మా అమ్మాయి ఆటల టీచరు. పిల్లలు ఆమెను ఈల మేడమ్ అంటారు. వాళ్ళ స్కూలుకు మొన్నమొన్నటిదాకా మైదానం లేదు. పిల్లలు వెనక సందులో, వచ్చేపోయే బళ్ళకు దారిస్తూ పరిగెత్తేవారు. స్కూలు కమిటీ ఛైర్మన్ ఎక్కే గడప దిగే గడపగా తిరిగి, మూతపడ్డ ఇనుప ఫౌండ్రీ స్థలాన్ని స్కూలుకు సంపాదించారు. ఆ మంచిపేరు ఆయనకు దక్కాల్సిందే. ఫౌండ్రీ నడిచిన రోజుల్లో ఇనుము కరిగించగా మిగిలిన నల్లటి గుల్లరాయిని, అంటే చిట్టేన్ని, వెనక పల్లంలో పోసేవారు. ఏళ్ళ తరబడి పోయగా పోయగా పల్లం కాస్తా మెరకైంది. తర్వాత షెడ్లు కూల్చేశారు. రేకులు అమ్ముకున్నారు. ఆ రేకుల్ని పట్టి ఉంచిన మేకులు మాత్రం నేలపాలయ్యాయి. కాంట్రాక్టరు స్థలాన్ని చదును చేయించి పైన పల్చగా ఎర్రమట్టి పరిపించాడు. గోడ మీంచి చూస్తే ఎవరో ఎర్ర చీర ఆరేసినట్టు ఉండేది.

"కింద మేకులున్నాయేమో చూశారా?" అని మొదట అడిగింది మా అమ్మాయే. ఎందుకంటే సగంమంది పిల్లలకు బూట్లు లేవు. ఉన్నవాళ్ళు కూడా పందెం అనగానే విప్పి గట్టున పారేస్తారు. అప్పుడు ఛైర్మన్ మా బామ్మర్దిని పిలిపించారు. అతని దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. కొట్టుకు సెలవైన రోజు పొద్దున్నే సముద్రపొడ్డుకు పోయి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇసుక మీద దాన్ని చీపురులా అటూ ఇటూ ఊపుతూ నడవడం అతని సరదా. జనం పోగొట్టుకున్న ఉంగరాలు, చిల్లర నాణేలు దొరుకుతూ ఉంటాయి. ఒకసారి బంగారు పన్ను దొరికింది. ఉంగరాల సొంతదార్లను వెతికి పట్టుకుని మరీ ఇచ్చేస్తాడు. పన్ను సొంతదారే, పాపం, ఇంతవరకూ నోరు విప్పలేదు.

అతను ఆ మైదానమంతా ఓపిగ్గా నడిచాడు. చివరికి శుభ్రంగా ఉందని ఛైర్మన్‌కు చెప్పి, దొరికిన సరుకు ఒక బకెట్‌లో వేసుకుని మా ఇంటికి తెచ్చి చూపించాడు. ఇత్తడి వాషర్లు, రాగితీగ ముక్కలు, అల్యూమినియం మూతలు, అరిగిపోయిన నాణెం ఒకటి. "చూడు బావా, నేలతల్లికి పురుడు పోసి తెచ్చాను," అన్నాడు. నేనూ మురిసిపోయాను. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి అతను రోజూ సాయంత్రం మా ఇంటికొస్తాడు. వీధి తలుపు గడియ బిగిసిందేమో చూసి పోదామని వచ్చానంటాడు. ఆ గడియ ఏనాడూ బిగియలేదు. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. అటువంటి మనిషి తెచ్చిన బకెట్‌లో వంక వెతకాలని ఎవరికి తోస్తుంది?

తాళం పడ్డ రోజు పొద్దున జరిగింది ఇది. పిల్లలు అడ్డుకర్రల మీంచి దూకుతున్నారు. వాళ్ళలో అందరికంటే ఎత్తు ఎగిరే పిల్లను మిడత అంటారు. ఆ పిల్ల దూకి దిగగానే బూటు అడుగులోంచి మేకొకటి దూసుకొచ్చి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులో నిలబడింది. రక్తపు చుక్క లేదు. ఆ రోజు కూడా ఆ పిల్ల బూట్లు విప్పబోయిందట గాని లేసు ముడిపడి రాలేదట. ఆ ముడి వేసిన చేతికి ఎవరిదైనా సరే నా దండం.

"మేడమ్, నా బూటుకి కొమ్ము మొలిచింది!" అని ఆ పిల్ల నవ్వింది. పిల్లలందరూ నవ్వారు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. అందర్నీ బయటికి పంపి తాళం వేసింది. వచ్చే వారమే ఆ మైదానంలో చుట్టుపక్కల స్కూళ్ళన్నిటికీ పరుగు పందేలు. అతిథుల్ని పిలిచేశారు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి మా బామ్మర్ది ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. అతని ముందున్న టీ మీద మీగడ కట్టింది.

"రావే తల్లీ, రా. మామయ్య పరువు గేటుకి వేలాడదీసి వచ్చావా?"

"నీ పరువుకేం భయం మామయ్యా? తాళం గట్టిదేగా. ఎవడూ ఎత్తుకుపోడు."

"ఒక్క మేకే! అంత నేలలో ఒక్కటి మిగిలింది. పంట కోశాక చేలో ఒక్క గింజైనా మిగలదా?"

"గింజ తొక్కితే ధనుర్వాతం రాదు."

"నా మిషన్ అబద్ధం చెప్పదే!"

"అబద్ధం చెప్పినా బాగుండేది. అది అసలు నోరే విప్పలేదు."

అతను నా వైపు తిరిగాడు. "విన్నావా బావా? అచ్చం మా అక్కే. పప్పులో ఒక్క రాయి పంటికి తగిలితే బస్తాకి బస్తా వెనక్కి పంపేది."

"పంపితే ఏమైంది?" అన్నాను. "ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరి పన్నూ విరగలేదు."

"అంటే నువ్వూ దాని పక్షమేనా?"

"నేను పళ్ళ పక్షం."

అమ్మాయి నవ్వి, చల్లారిన టీ తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చి అతని చేతిలో పెట్టింది. పెట్టి, ఎదురుగా కూచుంది.

"పందెం వేద్దాం మామయ్యా. రేపు పొద్దున నేను నాలుగు మేకులు పాతుతాను. నువ్వు పట్టుకో. పట్టుకున్నావంటే తాళంచెవి నీ చేతిలో పెట్టి, అందరికంటే ముందు నేనే ఆ మైదానంలో వట్టికాళ్ళతో పరిగెత్తుతాను."

"పట్టుకోలేకపోతే మీసం తీసేస్తాను, పో!"

"నీ మీసం నాకెందుకు? చీపురు పరకకైనా పనికిరాదు. ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్ళి నీ మాట వెనక్కి తీసుకో."

అతను టీ అంతా తాగాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, "మేకులు నా కొట్లోనే కొనుక్కో. మేనకోడలివని ఊరికే ఇవ్వను," అన్నాడు. అలా పందెం ఖాయమైంది.

మర్నాడు నేనూ మా బామ్మర్ది వెంట వెళ్ళాను. మేము వెళ్ళేసరికే అమ్మాయి మేకులు పాతేసి, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. మా బామ్మర్ది డిటెక్టర్ సంచీలోంచి తీసి, కాడ చివర పళ్ళెంలాంటి కాయిల్ బిగించి, మైదానంలోకి పోకుండా తిన్నగా ఆఫీసు గది ముందున్న పూలమడి దగ్గరికి నడిచాడు. కాయిల్‌ని మట్టి మీదకు దించుతూ పైకెత్తుతూ కాసేపు ఉన్నాడు.

"ఇదేం పూజ?" అని అడిగాను.

"నేల కూడా ఊరికే ఉండదు బావా. ఏదో గొణుగుతూనే ఉంటుంది. ఈ గొణుగుడు నేలదీ, దీన్ని పట్టించుకోకూ అని మిషన్‌కి ముందే నేర్పాలి. అప్పుడు మిగతాదే వింటుంది."

"నేర్పేది ఇక్కడా? పూలమడిలోనా?"

"అక్కడ నేర్పబోతే ఒకటే గోల. ఇక్కడైతే బుద్ధిగా వింటుంది."

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదివాను. ఆ తర్వాత బతుకంతా బీమా ఆఫీసులో గడిచింది గనుక చదివినదంతా ఆవిరైపోయింది. అయినా, పిల్లవాడికి గట్టు మీద ఈత నేర్పి నట్టేట్లో దింపినట్టు అనిపించింది. ఆ మాట అనబోయి, ఊరుకున్నాను.

మైదానంలో అడుగు పెట్టగానే డిటెక్టర్ తోక తొక్కిన పిల్లిలా అరిచింది. అతను అలవాటైన చేత్తో ఒక మర తిప్పి దాని చెవి పదును తగ్గించుకుంటూ పోయాడు. అరుపు ఏడుపైంది, ఏడుపు మూలుగైంది, తర్వాత అంతా ప్రశాంతం. "చూశావా?" అన్నట్టు నావైపు తల ఊపి నడక మొదలుపెట్టాడు. ఆ చివరిదాకా వెళ్ళి, పక్క వరసలో తిరిగొచ్చాడు. ఎక్కడా చప్పుడు లేదు.

"పాతానన్నావు. ఏవీ?"

అమ్మాయి వెళ్ళి అతని అడుగుజాడల్లోనే వంగింది. వేళ్ళతో మట్టి గీరి ఒక మేకు తీసింది. నాలుగడుగులు వేసి ఇంకోటి తీసింది. అతను మిషన్ తిరగేశాడు. బ్యాటరీలు తీసి మళ్ళీ వేశాడు. జేబులోంచి ఇత్తడి తాళంచెవి తీసి నేల మీద పడేసి దాని మీద కాయిల్ ఆడించాడు. కీచుమంది. నాణెం పడేశాడు. కీచుమంది.

"ఇప్పుడిది చూడు," అని అమ్మాయి వేలెడు మేకును మట్టి పైనే, అందరికీ కనపడేలా పెట్టింది.

కాయిల్ దాని మీంచి వెళ్ళింది. వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పక్క సందులో పాలబండి వెళ్తున్న చప్పుడు తప్ప మాకేమీ వినపడలేదు.

మా బామ్మర్ది కూచోబోయి, కింద ఏముందో చూసుకుని మరీ కూచున్నాడు. "మేకుల్ని వినొద్దని దీనికి నేనే చెప్పాను బావా," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఏళ్ళయింది. ఒడ్డున నాక్కావలసింది ఉంగరాలూ నాణేలూ. మేకులు, సీసా మూతలు తవ్వీ తవ్వీ నడుం పోయేది. ఇనుము తగిలితే అరవకు అని దీంట్లో ఒక మీట ఉంటుంది. అది నొక్కాను, మళ్ళీ ముట్టుకోలేదు. అసలు అదొకటి ఉందన్న మాటే మర్చిపోయాను." నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇనుప ఫౌండ్రీలో నడిచి, ఒక్క ఇనప ముక్కైనా లేని బకెట్ తెచ్చి నీకు చూపించాను. నువ్వైనా అడగలేదేం?"

"ఇత్తడి మెరుస్తుంటే ఇనుము ఎవరికి గుర్తుంటుంది?" అన్నాను.

అతను ఆ మీట తిప్పాడు. ఇక చూడాలి. మైదానం మైదానమంతా కేకలు పెట్టింది, ఎక్కడ ఆడిస్తే అక్కడ. అప్పుడు చిన్న కాయిల్ బిగించి, ఈసారి చిట్టెం మీదే నిలబడి, దించుతూ ఎత్తుతూ దానికి ఆ నేల గొణుగుడు నేర్పాడు. కేకలు గొణుగుడుకు దిగాయి గాని పూర్తిగా ఆగలేదు. పైన పెట్టిన మేకు ఇప్పుడు వినపడింది. కొంచెం లోతున్నది ఒకసారి వినపడి ఒకసారి వినపడలేదు. జానెడు లోతున పాతింది అసలు వినపడలేదు.

"ఒడ్డున ఇసుకలో అదే లోతులో చిన్న మెట్టెని కూడా పట్టేది," అన్నాడు. "నేల తేడా. ఈ చిట్టెంలోనే ఇనుముంది. దీనికి నేలా మేకూ ఒక్క గొంతుతోనే పలుకుతాయి. నేల నోరు నొక్కితే మేకు నోరూ నొక్కినట్టే. ఈ నేలకి ఈ మిషన్ పనికిరాదు."

"ఏది పనికొస్తుంది?" అంది అమ్మాయి.

"వేరే రకం ఉంది. నల్ల ఇసుక ఒడ్డున వెతికేవాళ్ళు వాడతారు. అది నేల గోలని అంతగా లెక్కచెయ్యదు, లోతుగా వింటుంది. కాకపోతే దానికి మేకేదో ఉంగరమేదో తెలీదు. లోహమైతే చాలు, అరుస్తుంది. అరిచిన చోటల్లా తవ్వుకోవడమే. అడుగడుక్కీ తవ్వాలి ఇక్కడ. నెలలు పడుతుంది."

"పట్టనీ."

"పందేలు వచ్చే వారమే!"

"ఆ సంగతి మేకులకి తెలీదుగా మామయ్యా."

'నేను చెప్పలేదా' అన్న మాట మా అమ్మాయి పెదాల దాకా వచ్చి వెనక్కి పోవడం నేను చూశాను. దానికి బదులుగా ఆమె అతన్ని చెయ్యిచ్చి లేపి, వెనక అంటిన ఎర్రమట్టి దులిపింది. చిన్నప్పుడు అతను ఆమెకు దులిపినట్టే, కాస్త గట్టిగా.

"పద," అన్నాడు అతను. "ఛైర్మన్ ఇప్పుడు ఆఫీసు గదిలోనే ఉంటాడు. ఇంకాసేపు ఆగితే నాకు ధైర్యం చాలదు."

ఆఫీసు గదిలో బల్ల మీద బహుమతి కప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ ఒక్కోటీ గుడ్డతో తుడుస్తోంది. ఛైర్మన్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఆయన కాళ్ళకు అద్దంలా మెరిసే నల్ల బూట్లు. మా బామ్మర్ది ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. మీట సంగతి కూడా.

"నువ్వే కదయ్యా శుభ్రంగా ఉందన్నావు?" అన్నారు ఛైర్మన్.

"అన్నాను సార్. నా మిషన్‌కి చెవుడు. ఆ చెవుడు తెప్పించింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"మీరే పాతి మీరే తీస్తే అదొక పరీక్షా? పాతిన మేకులు వేరు, ఉన్న మేకులు వేరు."

"అవునండి," అన్నాను నేను, ఉండబట్టలేక. "పాతినవి ఎక్కడున్నాయో మాకు తెలుసు."

హెడ్మిస్ట్రెస్ కప్పు తుడవడం ఆపింది. ఛైర్మన్ నావైపు చూసి, ఈ మనిషెవరన్నట్టు మళ్ళీ మా అమ్మాయి వైపు తిరిగారు. "ఇంకో పొర మట్టి పోయిస్తాను. సరేనా?"

"మట్టి పోస్తే మేకు దాక్కుంటుంది గాని చచ్చిపోదు సార్. నాలుగు వానలు పడితే మళ్ళీ పైకొస్తుంది."

"ఈ స్థలం కోసం నేనెంత తిరిగానో నీకు తెలుసా అమ్మా? ఎంతమంది ముందు చేతులు కట్టుకు నిలబడ్డానో తెలుసా? పందేల రోజు చూడటానికి వాళ్ళే వస్తున్నారు. మైదానంలో మేకులున్నాయని వాళ్ళతో చెప్పమంటావా?"

"నన్ను చెప్పమంటే నేను చెప్తాను."

"ఇలాగైతే నీ ఉద్యోగం సంగతి ఆలోచించాల్సొస్తుంది."

"ఉద్యోగం మీరిచ్చిందే సార్, తీసుకోండి. పిల్లల కాళ్ళు మాత్రం వాళ్ళమ్మలిచ్చినవి."

ఆయన మా బామ్మర్ది మీద పడ్డారు. "ఇలా పూటకో మాట మార్చేవాడి దగ్గర తాళాలెవరు కొంటారయ్యా?"

"మాట మార్చనివాళ్ళ దగ్గర కొన్న తాళాలు తెప్పించండి సార్. ఇక్కడే, మీ ముందే విప్పుతాను," అన్నాడు మా బామ్మర్ది. గదిలోంచి బయటికొచ్చాక మాత్రం, "బావా, నేను నిజంగా అలా అన్నానా?" అని ఇంటికెళ్ళేదాకా అడుగుతూనే ఉన్నాడు.

పందేల రోజు వచ్చింది. ఛైర్మన్ మనిషిని పంపి కట్టర్‌తో తాళం కోయించేశారు. "గ్యారంటీ దొంగలకే గాని కట్టర్‌కి కాదు," అని మా బామ్మర్ది గొణుక్కున్నాడు. లోపల సున్నంతో గీతలు గీశారు. గుడారం వేసి కుర్చీలు పరిచారు. గేటు బయట పిల్లలూ తల్లిదండ్రులూ కిక్కిరిసి ఉన్నారు. చాలామంది పిల్లలు అప్పటికే బూట్లు విప్పి చంకన పెట్టుకున్నారు. అతిథుల కార్లు వచ్చాయి.

గేటు తెరిచారు గాని ఎవరూ లోపలికి రాలేదు. మొదటి సున్నపు గీత దగ్గర మా అమ్మాయి నిలబడి ఉంది. పిల్లల వైపు చెయ్యి చాపి 'ఆగండి' అన్నట్టు అరచెయ్యి చూపించింది. పిల్లలు ఆగిపోయారు. రోజూ ఈలకి ఆగే పిల్లలు, ఆ రోజు ఈల లేకుండానే ఆగారు.

ఛైర్మన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "పక్కకి తప్పుకోమ్మా," అన్నారు.

"తప్పుకుంటాను సార్. ముందు ఒక్క పని చెయ్యండి." ఆమె గొంతు తగ్గించలేదు. "పిల్లలు ఇక్కడ వట్టికాళ్ళతో పరిగెత్తుతారు. మీరు పరిగెత్తక్కర్లేదు. ఈ గీత నుంచి ఆ గీత దాకా వట్టికాళ్ళతో నడవండి, చాలు. అప్పుడు నేను తప్పుకుంటాను, స్కూల్లోంచి కూడా."

అతిథులు ఇదేదో ప్రారంభోత్సవమనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆయన్ని ఇరికించాయి. సరేనన్నారు. వంగి, బూట్లు విప్పి, మేజోళ్ళు తీసి బూట్లలో కుక్కి, గీత దాటారు.

నిజం చెప్పాలి, ఆయన పిరికివాడు కాదు. కానీ ఆ పాదాలు తెల్లగా, చంటిబిడ్డ పాదాల్లా ఉన్నాయి. మొదటి అడుగు చూసి వేశారు. రెండో అడుగు ఇంకా చూసి వేశారు. తర్వాత్తర్వాత ఒక కాలు గాల్లో ఉంచి, దించే చోటు వెతుక్కుని, మెల్లగా దించుతూ, చేపకోసం కాచుకున్న కొంగలా నడిచారు. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. నేల శుభ్రంగా ఉందని నమ్మినవాడు అలా నడవడని అక్కడున్న ప్రతి తల్లికీ అర్థమైంది. మైదానం నడిమధ్యకు వచ్చి ఆయన ఆగిపోయారు. ముందుకు చూశారు. వెనక్కి చూశారు. రెండు వైపులా దూరం ఒకటే.

"నా బూట్లు," అన్నారు, ఎవరితోనని లేకుండా.

ఆయన డ్రైవరు ఒకడుగు వేసి, తన పల్చటి చెప్పుల వైపు చూసుకుని ఆగిపోయాడు. ఇంకెవరూ కదల్లేదు. అప్పుడు మా అమ్మాయే ఆ బూట్లు చేత్తో పట్టుకుని, తన మందపాటి అడుగుల బూట్లతో మధ్యకు నడిచింది. ఆయన ముందు వాటిని దూర్చుకోవడానికి వీలుగా తిప్పి పెట్టింది. భుజం ఇచ్చింది. ఆయన ఆ భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మేజోళ్ళు తొడుక్కున్నారు. అంతసేపూ ఆమె అతిథులకు అడ్డంగానే నిలబడి ఉంది. అది కావాలనే చేసిందని నాకు తెలుసు.

అక్కడ వాళ్ళేం మాట్లాడుకున్నారో తర్వాత చెప్పింది.

"ఏమైనా గుచ్చుకుందా సార్?"

"లేదు. గుచ్చుకుంటుందేమోనన్న భయమే అడుగు వెయ్యనివ్వలేదు."

"పిల్లలకి ఆ భయం కూడా ఉండదు సార్. ఆలోచించకుండా పరిగెత్తేస్తారు."

ఆయన తిరిగొచ్చి, ఈ మైదానంలో ఈ రోజు పందేలు లేవని తనే గట్టిగా ప్రకటించారు. ఆ ఒక్క ముక్క చెప్పి గుడారంలోకి వెళ్ళి కూచున్నారు. పందేలు మాత్రం ఆగలేదు. వెనక సందులోనే జరిగాయి. అతిథుల కార్లు అడ్డంగా పెట్టి సందు రెండు కొసలూ మూసేశారు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లలు ఏ బండికీ దారివ్వకుండా పరిగెత్తడం అదే మొదటిసారి. మిడత రెండోదిగా వచ్చి, గెలిచిన పిల్లతో చీకటిపడేదాకా తగువు పెట్టుకుంది.

మా అమ్మాయి ఉద్యోగం గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తీసేశారనీ చెప్పలేదు, ఉంచారనీ చెప్పలేదు. ఆమె మాత్రం రోజూ వెళ్తూనే ఉంది. గేటుకు కొత్త తాళం వేసింది. ఈసారిది కట్టర్‌కి కూడా లొంగదని మా బామ్మర్ది ప్రమాణం చేశాడు.

అతను నల్ల ఇసుక ఒడ్డున వెతికే ఒకాయన్ని బతిమాలి, తన డిటెక్టర్ ఆయనకిచ్చి ఆయనది ఎరువు తెచ్చుకున్నాడు. అది బరువు. భుజానికి పట్టీ వేసుకుని మొయ్యాలి. పొద్దున కొట్టు తెరిచేముందు, సాయంత్రం మూసేశాక, మైదానాన్ని దారాలతో పట్టీలు పట్టీలుగా విడదీసి నడుస్తాడు. వాన వెలిసిన మర్నాడు నేల గొంతు మారుతుందని చెప్పి, దానికి మళ్ళీ మొదటినుంచి నేర్పుతాడు. పూలమడి జోలికి పోడు. అది అరిచిన చోట నేను చిన్న చెక్క పాతుతాను. పిల్లల తల్లులు గునపాలతో తవ్వుతారు. రేకుల మేకులు, విరిగిన మరలు, తీగముక్కలు, కడుపులో ఇనుము దాచుకున్న చిట్టెం గడ్డలు. ఒక్కోసారి పూటంతా తవ్వితే సీసా మూత ఒకటి దొరుకుతుంది. దానిక్కూడా తవ్వాల్సిందే. నా నడుం విరిగిపోతోంది గాని రాత్రిళ్ళు నిద్ర బాగా పడుతోంది.

సగం మైదానం అయ్యేసరికి ఒక సాయంత్రం ఛైర్మన్ వచ్చారు. గేటు దగ్గరే నిలబడి, "ఇటువైపు సగం అయిపోయిందట కదమ్మా," అన్నారు. "ఆ సగమైనా పిల్లలకి వదలొచ్చుగా?"

"పిల్లలు గీత చూసుకుని ఆగుతారా సార్? బంతి అటు పోతే అటే పోతారు," అంది మా అమ్మాయి, గునపం దించకుండానే. "మొత్తం అయ్యాకే."

"మొత్తం అంటే ఇంకో రెండు నెలలు..."

"మూడు కూడా పట్టొచ్చు."

"అది కాదమ్మా, కమిటీలో అందరూ నన్ను అడుగుతున్నారు, నేను వాళ్ళకేం..."

"సార్," అన్నాడు మా బామ్మర్ది, హెడ్‌ఫోన్లు ఒక చేత్తో చెవికి అదిమిపట్టి, రెండో చెయ్యి పైకెత్తి. "కాసేపు మాటలాపండి. కింద ఏదో ఉంది. మీ గొంతుకి వినపడట్లేదు."

ఛైర్మన్ మాట ఆపేశారు.